పేరు రాయించడానికీ ఓ సెక్షన్

నంద్యాల, ఆళ్లగడ్డల్లో చిన్న కంపెనీలు ఆఫీసులకు కొత్త హంగులు దిద్దుకుంటున్నాయి. లక్షలు పోసి కట్టిస్తున్న ఆ ముందుభాగంలో, చట్టం అడిగే నాలుగు ముక్కలకు చోటు మిగిలిందా?

డెస్కు అడిగింది రంగుల కథ. జిల్లా కేంద్రమయ్యాక నంద్యాలలో ఆఫీసులు ఎలా ముస్తాబవుతున్నాయి, ఆళ్లగడ్డ దాకా ఆ గాలి ఎంత వీస్తోంది, ఫొటోలు నిండుగా ఉండాలి, కాపీ గురువారం సాయంత్రానికి అందాలి. గాజు తలుపులు, ఫాల్స్ సీలింగు, రాత్రిపూట వెలిగే అక్షరాలు ఉంటే ముఖచిత్రానికి ఇంకేం కావాలి? తీరా కాగితాలు తిరగేస్తే, అన్నిటికంటే ప్రాణమున్నది డిజైనర్ గీసిన త్రీడీ బొమ్మ కాదు. 2013 నాటి కంపెనీల చట్టంలోని 12వ సెక్షన్.

దాని మూడో ఉపవిభాగం చెప్పేది ఇది. కంపెనీ అన్నాక, తన పని నడిచే ప్రతి ఆఫీసు బయటా పేరునూ, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామానూ రంగుతో రాయించాలి, లేదంటే బోర్డు బిగించాలి. అది కంటికి ఆనే చోట ఉండాలి. చదవడానికి వీలైన అక్షరాల్లో ఉండాలి. ఆ అక్షరాలు స్థానికంగా జనం వాడే భాషవి కాకపోతే, ఆ భాష లిపిలో కూడా రాయాలి. ఒకసారి రాయించి వదిలేస్తే సరిపోదు, అది ఎప్పుడూ ఉండేలా చూసుకోవాలి. అంటే ఎండకు వెలిసిపోయినా, గాలివానకు ఊడిపోయినా కొత్తది పెట్టుకునే బాధ్యత కంపెనీదే.

ఇప్పుడు నంద్యాలలో విత్తనాల వ్యాపారం చేసే ఓ ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీని ఊహించుకుందాం. ఆఫీసు ముఖం పన్నెండు అడుగులు, బోర్డు ఎత్తు మూడు అడుగులు. ఉన్నది ముప్ఫై ఆరు చదరపు అడుగులు. అందులో ఎడమ పక్కన లోగో, కుడి పక్కన పత్తి కాయో మొక్కజొన్న కంకో, పైన ఇష్టదైవం, అడుగున రెండు సెల్ నంబర్లు. "పేరు పెద్దగా రావాల అన్నా" అనే మాట ఏ బోర్డు షాపులోనైనా వినపడేదే. కానీ పెద్దగా వచ్చేది బ్రాండు పేరు. రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న పూర్తి పేరు, ముఖ్యంగా ఆ 'ప్రైవేట్ లిమిటెడ్' అన్న తోక, చిరునామా ఎక్కడికి పోతాయి? జాగా లేదని డిజైనర్ తీసేస్తే యజమానికి పట్టదు. బోర్డు అందంగానే ఉంటుంది మరి.

లెక్క మాత్రం అందంగా ఉండదు. 12వ సెక్షన్ తప్పితే రోజుకు వెయ్యి రూపాయలు, గరిష్ఠంగా లక్ష. కంపెనీకి వేరుగా, బాధ్యుడైన అధికారికి వేరుగా. చిన్న కంపెనీలకు, ఏకవ్యక్తి కంపెనీలకు, రైతులు పెట్టుకునే ఉత్పత్తిదారుల కంపెనీలకు 446బి సెక్షన్ కింద ఇందులో సగానికి మించకూడదు. సగమైనా వంద రోజులు గడిస్తే యాభై వేలు. ఆ డబ్బుకు ఎన్ని తెలుగు అక్షరాలు వచ్చేవో బోర్డు షాపులో అడిగితే చెబుతారు.

ఇదే చట్టంలో ఇంకో చమత్కారం ఉంది. కంపెనీ పేరు మారితే, రెండేళ్లపాటు పాత పేరును కూడా కొత్తదాని పక్కన రాయాలి. ఏకవ్యక్తి కంపెనీ అయితే ఆ సంగతిని పేరు కింద బ్రాకెట్లలో పెట్టాలి. కొత్త పెళ్లికూతురు శుభలేఖ మీద పుట్టింటి పేరు వేసినట్టు, వ్యాపారం ఎవరితోనో జనానికి అనుమానం రాకూడదన్నది ఉద్దేశం. అసలు బయట పేరు రాయించాలన్నదే మనవాళ్లకు తట్టిన ఆలోచన కాదు. 1862 నాటి బ్రిటిష్ కంపెనీల చట్టమే లిమిటెడ్ కంపెనీలను బయట పేరు రాయించమంది. వాటాదారుల బాధ్యతకు హద్దు పెట్టినందుకు, ఆ హద్దు సంగతి గుమ్మం దగ్గరే తెలియాలన్నమాట. 1956 చట్టంలో అది 147వ సెక్షన్‌గా ఉండి, 2013లో 12కు చేరింది.

అసలు కథ 2019లో నడిచింది. డొల్ల కంపెనీల ఏరివేతలో భాగంగా, 2017 డిసెంబరు 31 లోపు పుట్టిన కంపెనీలను కేంద్రం ఓ ఫారం నింపమంది. దాని పేరు ఐఎన్‌సీ-22ఏ, ముద్దుపేరు 'యాక్టివ్'. దాంతోపాటు రిజిస్టర్డ్ ఆఫీసు ఫొటోలు పంపాలి. భవనం బయటి నుంచి ఒకటి, ఆఫీసు లోపలి నుంచి ఒకటి. లోపలి ఫొటోలో, ఫారం మీద డిజిటల్ సంతకం పెట్టిన డైరెక్టరో ముఖ్య అధికారో కనపడాలి. గడువు దాటితే పది వేల రూపాయల రుసుము. ఇంటి హాల్లో ఓ మూలనే ఆఫీసు అని రాసుకున్న కంపెనీలకు ఆ వేసవిలో బోర్డు, టేబులు, కుర్చీ హఠాత్తుగా అవసరపడ్డాయి. ఆఫీసుల ముస్తాబుకు ఇంతకు మించిన ప్రేరణ ఏ ఇంటీరియర్ పత్రికా ఇవ్వలేదని ఈ వ్యాసకర్త నమ్మకం.

2022 ఆగస్టులో నియమం ఇంకాస్త బిగిసింది. అనుమానం వస్తే కంపెనీల రిజిస్ట్రార్ ఆ చిరునామాకు స్వయంగా వెళ్లి చూడొచ్చు. ఆ ప్రాంతానికే చెందిన ఇద్దరు సాక్షులు ఉండాలి, ఫొటో తీయాలి. ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రార్ ఉండేది విజయవాడలో. అక్కడి నుంచి వచ్చినవారికి వీధిలో ముందు కావలసింది పేరు కనపడటమే.

మరమ్మతుల కోసం ఆఫీసు ఖాళీ చేసేవారు గమనించాల్సింది ఒకటుంది. రిజిస్టర్డ్ ఆఫీసునే వేరే చోటికి మారిస్తే ముప్ఫై రోజుల్లో రిజిస్ట్రార్‌కు తెలపాలి. అదే నంద్యాల దాటి ఆళ్లగడ్డకు మార్చాలంటే, దూరం సుమారు నలభై కిలోమీటర్లే అయినా, ఊరి హద్దు దాటుతున్నట్టే. వాటాదారుల ప్రత్యేక తీర్మానం కావాలి. వ్యతిరేక ఓట్లకు కనీసం మూడింతలు అనుకూలంగా పడితేనే అది నెగ్గుతుంది. పెయింటర్‌ను మాట్లాడుకోవడం దానికంటే తేలిక.

సొంత దుకాణాలకు కంపెనీల చట్టం వర్తించదు. కానీ 1988 నాటి ఏపీ దుకాణాలు, సంస్థల చట్టం కింద 1990లో వచ్చిన నియమాలు అందరికీ వర్తిస్తాయి. బోర్డు తెలుగులో ఉండాలి. వేరే భాష వాడితే అది తెలుగుకు కింద రావాలి. సంజీవనగర్ నుంచి శ్రీనివాస సెంటర్ దాకా తల పైకెత్తి నడిచి చూస్తే, ఏది పైన, ఏది కింద అన్నది ఎవరికి వారే తేల్చుకోవచ్చు.

ఇక బోర్డు వెనక ఏముందో చూద్దాం. ఇప్పుడు అందరూ అడిగేది ఏసీపీ షీటు. రెండు పల్చటి అల్యూమినియం రేకులు, వాటి మధ్య ప్లాస్టిక్ పొర, మొత్తం మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం. వెనక గాడి కోసి మడిచి, చదరపు పైపుల ఫ్రేముకు బిగించి, అతుకుల్లో సిలికాన్ పూస్తారు. దాని మీద యాక్రిలిక్ అక్షరాలు, వాటి లోపల 12 వోల్టుల ఎల్‌ఈడీ మాడ్యూళ్లు, షీటు వెనక వోల్టేజీ తగ్గించే ఎస్‌ఎంపీఎస్ డబ్బా. వాన నీళ్లు ఆ డబ్బాలోకి దిగితే సగం పేరు ఆరిపోతుంది. అంతకంటే ముఖ్యమైనది మధ్యలోని ప్లాస్టిక్. మామూలు షీట్లలో అది పాలిథిన్, నిప్పంటుకుంటే మండుతుంది. 2017 జూన్ 14న లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ మంటలు గోడల వెంట పైకి ఎగబాకడానికి ఇలాంటి పొర ఉన్న షీట్లే ప్రధాన కారణమని విచారణలో తేలింది. 72 మంది చనిపోయారు. మన దుకాణం ఒక అంతస్తే కావచ్చు. కానీ షీటు వెనక వైర్లు, ఏసీ బయటి యూనిటు ఇరికించి, కిటికీని కూడా మూసేసే పద్ధతి చూస్తే గుండె ఝల్లుమంటుంది. మంటను తట్టుకునే ఖనిజ పొర ఉన్న రకాలూ దొరుకుతాయి. ధర ఎక్కువ కాబట్టి ఎవరూ ముందుగా చూపించరు, అడగాలి.

ముందుభాగాన్ని యజమానే నిర్ణయిస్తాడనుకుంటే అదీ పొరపాటే. నంద్యాలలో రోడ్డు నిర్ణయిస్తుంది. 2017లో ఎమ్మెల్యే భూమా నాగిరెడ్డి మరణంతో వచ్చిన అసెంబ్లీ ఉప ఎన్నికకు ముందు ఊళ్లో రోడ్ల విస్తరణ హడావుడిగా సాగింది. వరసగా దుకాణాల ముఖాలు కూల్చారు. ఆగస్టు 23న పోలింగ్ అయింది, భూమా బ్రహ్మానందరెడ్డి 27,466 ఓట్ల మెజారిటీతో గెలిచారు. అలా ముందు గది సగం పోయిన చోట కొత్తగా వేసేది అలంకారం కాదు, గాయానికి కట్టు.

ఇంకో చిక్కు ఎత్తు. రోడ్డు వేసిన ప్రతిసారీ పెరుగుతుంది, దుకాణం అలాగే ఉంటుంది. 2019 సెప్టెంబరు వానలకు దగ్గర్లోని మహానంది క్షేత్రంలోకే నీళ్లు వచ్చాయి. కుందూ, చామకాల్వ పక్కన ఉన్న ఊళ్లో గడప ఎత్తు పెంచుకోవాలన్న ఆరాటం అర్థమయ్యేదే. అయితే ఆరంగుళాల మెట్లు మూడు కడితే, ఒకటికి పన్నెండు వాలుతో చక్రాల కుర్చీకి వేయాల్సిన ర్యాంపు పొడవు పద్దెనిమిది అడుగులవుతుంది. ముందు అంత జాగా ఉన్న ఆఫీసు బజార్లో దొరకదు. ర్యాంపును పక్క గోడ వెంట మలుపు తిప్పే ఆలోచన పునాది దశలోనే రావాలి.

నంద్యాల చరిత్ర అడిగేవారికి గబగబా: చుట్టూ నవనందులు, 1906 నుంచి వ్యవసాయ పరిశోధన క్షేత్రం, 1977లో రాష్ట్రమంతా కాంగ్రెస్ గెలిస్తే జనతా పార్టీ నుంచి నీలం సంజీవరెడ్డిని లోక్‌సభకు పంపిన ఒకే ఒక్క సీటు, 1991లో పి.వి. నరసింహారావును అయిదు లక్షలకు పైగా మెజారిటీతో గెలిపించిన నియోజకవర్గం, 2022 ఏప్రిల్ 4న జిల్లా.

ఆళ్లగడ్డకు వస్తే ముందుభాగం అన్న మాటకే అర్థం తిరగబడుతుంది. ఇక్కడి రాతి చెక్కడానికి భౌగోళిక గుర్తింపు ఉంది. శిల్పుల పనిచోట్ల ముందు సగం చెక్కిన విగ్రహాలు నిలబడి ఉంటాయి. ఒక దేవుడికి ముక్కు ఇంకా రాలేదు, ఒక నాయకుడికి కండువా మడత మాత్రమే తేలింది. గ్రైండరు తిరుగుతుంటే తెల్ల పొడి లేచి చూసేవారి చొక్కాల మీదా వాలుతుంది. వచ్చినవాడికి పనితనం బోర్డు చదవకుండానే తెలిసిపోతుంది.

ఇంత పనితనం పక్కనే ఉండగా నంద్యాల కంపెనీలు ప్లాస్టిక్ అక్షరాల వెంట పడటం ఈ వ్యాసకర్తకు మింగుడుపడని విషయం. గుమ్మం పక్కన నల్లరాతి పలక మీద పూర్తి పేరు, చిరునామా తెలుగులో చెక్కిస్తే 12వ సెక్షన్ అడిగిందంతా ఒకే రాయిలో ఇమిడిపోతుంది. మెరిసే బోర్డు పైన ఎలాగూ ఉంటుంది. పేరు మార్చే ఆలోచన ఉన్నవారు మాత్రం కొన్నాళ్లు ఆగాలి.

బోర్డు మీద ఇంకా

జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే, గుమ్మం దగ్గరి బోర్డు మీదే పదిహేను అక్షరాల నంబరు ఉండాలి. 2017 నిబంధనల్లో 18వది ఆ మాటే చెబుతుంది. రిజిస్ట్రేషన్ పత్రం లోపల అందరికీ కనపడేలా పెట్టాలి. కాంపోజిషన్ పథకంలో ఉన్నవారు ఆ సంగతిని బోర్డు మీద రాయాలి. ఎరువుల దుకాణాలకు 1985 నాటి నియంత్రణ ఉత్తర్వు, విత్తనాల డీలర్లకు 1983 నాటి ఉత్తర్వు రోజువారీ నిల్వనూ ధరలనూ ప్రదర్శించమంటాయి. కాబట్టి గోడంతా వాల్‌పేపర్ అంటించే ముందు నల్లబోర్డుకు చోటు వదలాలి.

కింద నాపరాయి

బేతంచెర్ల, కొలిమిగుండ్ల, బనగానపల్లె వైపు నాపరాయి పుష్కలం. పాత ఆఫీసుల్లో నేల అదే, ముందున్న మురుగు కాలువ మీద కప్పు అదే. మరమ్మతు అనగానే దాని మీదే టైల్స్ పరుస్తున్నారు. నేల ఎత్తు పెరుగుతుంది, తలుపుల అడుగు కోయాల్సి వస్తుంది. అతుకులు నింపి మిషనుతో పాలిష్ పట్టిస్తే పాత బండే నిగనిగలాడుతుంది. వేసవిలో 45 డిగ్రీలు దాటే ఊళ్లో ఆ నేల చల్లదనం వేరు. జాగ్రత్త ఒక్కటే: ఇది సున్నపురాయి జాతి. మరకలు పోవాలని యాసిడ్ పోస్తే బుడగలు వచ్చి పైపొర తినేస్తుంది. పోయిన మెరుపు కోసం మళ్లీ మిషను పెట్టించుకోవాలి.