వినకుండ వేసిన వెలి

వధూవరులను కలుపుట మన సమాజములో ఎన్నడును ఇద్దరి వ్యవహారముగా మాత్రమే ఉండలేదు. ఊరూరా తిరిగెడి పెండ్లిళ్ల పేరయ్య, సంబంధములన్నియు జ్ఞాపకముంచుకొనెడి మేనత్త, పిమ్మట వార్తాపత్రికలోని వివాహ ప్రకటన – ఒక్కొక్క కాలమునకు ఒక్కొక్క మధ్యవర్తి. నేడు ఆ పీఠమును చేతిలోని ఫోను ఆక్రమించినది. 2012లో అమెరికాలో పుట్టిన టిండర్ వంటి పరిచయ వేదికలు, వాడుకలో డేటింగ్ యాపులు, మహానగరములను దాటి జిల్లా పట్టణములను చేరినవి. నిజామాబాదులోను, బోధను చెరకు సీమలోను చదువుకొన్న యువకులకు ఇది క్రొత్త మాట కాదు.

మధ్యవర్తి మారినప్పుడు అతని కోపము తీరు కూడ మారును. పేరయ్యకు కోపము వచ్చినచో ఇంటికి పోయి నాలుగు మాటలు చెప్పి సమాధానపరచవచ్చును. యాపునకు కోపము వచ్చినచో తెరమీద ఒక్క వాక్యము మెరయును: మీ ఖాతా నిషేధింపబడినది. తప్పేమిటి, ఎప్పుడు జరిగినది అను వివరములు అందులో తరచుగా ఉండవు. ఇదేమంత పెద్ద కష్టమని కొందరు నవ్వవచ్చును. కాని ఆ చిన్న వాక్యము వెనుక ఒక పెద్ద ప్రశ్న నిలిచి ఉన్నది. కారణము చెప్పక, మాట వినక, ఒక మనిషిని ఒక సమూహమునుండి వెలివేయవచ్చునా?

వెలి అన్న మాట తెలుగువారికి బాగుగా తెలిసినదే. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరములో కందుకూరి వీరేశలింగము పంతులు మొదటి వితంతు వివాహమును జరిపించినప్పుడు, ఆ పెండ్లికి తోడ్పడినవారు వెలిని ఎదుర్కొనవలసి వచ్చినది. అంత దూరము పోనక్కరలేదు. నిజామాబాదు జిల్లాలో కొన్నిచోట్ల గ్రామాభివృద్ధి కమిటీలు కుటుంబములను సాంఘికముగా బహిష్కరించిన వార్తలు ఈ శతాబ్దములోను పత్రికల కెక్కినవి. పొరుగునున్న మహారాష్ట్ర ఈ దురాచారమును అరికట్టుటకు 2016లో ప్రత్యేకముగా ఒక చట్టము చేసినది. ఊరి వెలికిని యాపు నిషేధమునకును కొలత ఒకటి కాదు. మొదటిదానిలో బ్రతుకుతెరువే పోవచ్చును. రెండవదానిలో మూతపడునది ఒక పరిచయ మార్గము మాత్రమే. ఐనను రెండింటికిని ఒక పోలిక కలదు. రెండింటిలోను తీర్పు ముందు వచ్చును. విచారణ తరువాత వచ్చును, లేదా అసలే రాదు.

వేదికల పక్షమున న్యాయము లేకపోలేదు. పరుల చిత్రములతో మారువేషములు, ప్రేమ పేరిట డబ్బు గుంజు మోసములు, అసభ్య సందేశములు, బెదరింపులు – వీనిని అరికట్టుటకే నిషేధము పుట్టినది. తనను వేధించినవానిపై ఒక యువతి ఫిర్యాదు చేసినప్పుడు ఆమె పేరు బయటపెట్టుట ఆమెను ప్రమాదములోనికి నెట్టుటయే. ఎవరి ఇల్లెక్కడో అందరికిని తెలిసిన చిన్న పట్టణములో ఆ ప్రమాదము ఇంకను హెచ్చు. కావున ఫిర్యాది పేరు దాచవలసినదే. కాని పేరు దాచుట వేరు, కారణము దాచుట వేరు. ఏ నియమము ఉల్లంఘింపబడినదో చెప్పుటకు ఫిర్యాది పేరుతో పనిలేదు. పగతో చేసిన తప్పుడు ఫిర్యాదులును ఉండును. ఫిర్యాదులను వడపోసెడి యంత్రము పొరపడుటయు కలదు. కారణము తెలియనివాడు దోషి ఐనచో తన్ను తాను దిద్దుకొనలేడు. నిర్దోషి ఐనచో తన పక్షము చెప్పుకొనలేడు.

బోధను రైతుకు ఈ భేదము సులభముగా తెలియును. 1937లో నెలకొన్న నిజాం చక్కెర కర్మాగారము ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు వడసినది. 2015 డిసెంబరులో మూతపడినది. అది నడిచిన దినములలో కాటా దగ్గర తూకముపై అనుమానము కలిగిన రైతు అక్కడనే నిలిచి అడుగగలిగెడివాడు. అతని మాట నెగ్గినను నెగ్గకపోయినను, అడుగుటకు ఎదుట ఒక మనిషి ఉండెను. యాపు కాటా దగ్గర ఆ మనిషి కనబడడు.

ఆ మనిషిని తిరిగి నిలబెట్టుటకే నేటి చట్టము ప్రయత్నించుచున్నది. మేనకా గాంధీ పాసుపోర్టును ప్రభుత్వము స్వాధీనము చేసికొన్న వ్యాజ్యములో, 1978లో సుప్రీంకోర్టు, న్యాయమైన పద్ధతి లేనిదే వ్యక్తి స్వేచ్ఛను హరింపరాదని చెప్పినది. ఆ సూత్రము ప్రభుత్వమును కట్టివేయునది; ప్రైవేటు వేదికకును మనకును మధ్య ఉన్నది ఒడంబడిక మాత్రమే. ఐనను 2021 నాటి సమాచార సాంకేతిక నియమావళి ప్రకారము ఇట్టి వేదికలు ఒక ఫిర్యాదుల అధికారిని నియమించి, అతని వివరములను ప్రకటింపవలెను. అతని జవాబు తృప్తి కలిగింపనిచో, అది అందిన 30 దినములలో కేంద్రప్రభుత్వము 2023 జనవరిలో ఏర్పరచిన అప్పీలు కమిటీలకు ఇంటినుండియే విన్నవించుకొనవచ్చును. ఐరోపా సమాఖ్య మరి ఒక అడుగు ముందుకు వేసి, ఖాతాను మూసినచో కారణమును స్పష్టముగా తెలుపవలెనని 2022 నాటి డిజిటల్ సేవల చట్టములో విధించినది.

కావున ఖాతా మూతపడినవాడు మొదట చేయవలసినది కోపము దిగమ్రింగి నియమములను చదువుట. తాను పంపిన సందేశములను, పెట్టిన చిత్రములను నిష్పక్షపాతముగా తలచుకొనుట. తెరమీది నోటీసును, చెల్లించిన సొమ్ము రశీదులను భద్రపరచుట. పిమ్మట అప్పీలును నాలుగు వాక్యములలో, నిందలు లేకుండ, ఏ నియమము తప్పితినో చెప్పుడని అడుగుచు వ్రాయుట. ఖాతా మూతపడినంత మాత్రమున నెలసరి చందా తనంతట ఆగుననుకొనరాదు. గూగుల్ లేదా ఆపిల్ ద్వారా కట్టినదైనచో అక్కడనే దానిని రద్దుచేయవలెను. సొమ్ము విషయమున వివాదము మిగిలినచో 1915 సంఖ్యకు ఫోను చేయవచ్చును. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము ఫిర్యాది తాను నివసించు జిల్లాలోనే దావా వేయవచ్చును; బోధనువాడు ఢిల్లీ పోనక్కరలేదు.

చేయరానివి రెండు కలవు. మారుపేరుతోను, మరియొక సిమ్ముతోను దొడ్డిదారిన మరల ప్రవేశించుట మొదటిది. లేని తప్పును నిజము చేయుట అదే. మూతపడిన ఖాతాను వేయి రూపాయలకు తెరిపించెదమని పలుకువారిని నమ్ముట రెండవది. వారికి ఇచ్చిన సొమ్ముతో పాటు గుర్తింపు పత్రములును చేయి జారును. అట్లు మోసపోయినవారు ఆలస్యము చేయక 1930 సంఖ్యకు తెలుపవలెను.

పాఠశాల విద్యార్థుల విషయము వేరు. పదమూడు నుండి పదునేడేండ్ల వారిని టిండర్ 2016 వరకు చేర్చుకొన్నది. ఆ యేడు ఆ ద్వారమును మూసివేసినది. పదునెనిమిదేండ్లు నిండక వయస్సును దాచి చేరినవాని ఖాతాను మూయుట న్యాయమే. ఆ నియమము వానిని కాపాడుటకే ఉన్నది. అట్టి సంగతి ఉపాధ్యాయుని చెవిని పడినప్పుడు పదిమందిలో బాలుని అవమానించుటకంటె ప్రక్కకు పిలిచి మాటలాడుట మేలు. అవమాన భయముచేత దాచిన పిల్లవాడే మోసగాండ్రకు సులభముగా చిక్కును.

తరగతిలో గోల చెలరేగినప్పుడు మంచి పంతులు బెత్తము తీయకముందే ఏమి జరిగినదని అడుగును. దోషికి శిక్ష తప్పదు. కాని ఆ ప్రశ్న ముందు రావలెను. వీరేశలింగము పంతులు నాటి సమాజము ఆ ప్రశ్నను మరచినది; నేటి యంత్రమునకు అది ఎవరును సరిగా నేర్పలేదు. ప్రశ్న అడిగించుకొని పెరిగిన పిల్లలే రేపు ఆ యంత్రములను నిర్మింతురు. కారణము చెప్పి, మాట విని, పిమ్మట తీర్పు ఇచ్చు అలవాటు వారికి బడిలోనే అబ్బవలెను.