వీయూ మీటరు సూదికి అందని దెబ్బ

పాత స్టూడియోల ఫొటోల్లో మిక్సర్ మీద లేత పసుపు ముఖం, నల్ల సూది ఉన్న మీటరు కనిపిస్తుంది. అదే వీయూ మీటరు. 1939లో అమెరికా రేడియో రంగంలో పుట్టింది. ఒక ఊళ్లో పాడిన కచేరీని టెలిఫోన్ తీగల మీద దూరపు స్టేషన్లకు పంపే రోజులవి. ఒక్కో సంస్థది ఒక్కో కొలత కావడంతో ‘మీ శబ్దం ఎక్కువైంది’ అంటే ఎంత ఎక్కువో తేలేది కాదు. బెల్ ల్యాబ్స్, ఎన్‌బీసీ, సీబీఎస్ ఇంజనీర్లు కలిసి ఒకే మీటరు ఖాయం చేశారు.

దాని సూదిని కావాలనే నిదానంగా కదిలేలా చేశారు. సున్నా గీత చేరడానికి దాదాపు 300 మిల్లీసెకన్లు పడుతుంది. గొంతుకీ వయొలిన్‌కీ ఇది సరిపోయింది. తంటా అంతా మృదంగంతోనే. చాపు పడగానే శబ్దం కొన్ని మిల్లీసెకన్లలో శిఖరానికెక్కి దిగిపోతుంది. అప్పటికి సూది ఇంకా బయల్దేరుతూనే ఉంటుంది. అసలు శిఖరం అది చూపినదానికంటే 10 డెసిబెళ్లో, ఇంకా ఎక్కువో పైన ఉండొచ్చు. నిదానంగా కదిలే మీటర్ల ఈ లోటు తెలిసే బీబీసీ 1930ల్లోనే శిఖరాలను పట్టే వేరే మీటరు తయారు చేసుకుంది.

అయినా వీయూ మీటరుతో దశాబ్దాలు పని గడిచిందంటే ఆ పుణ్యం టేపుది. మోతాదు మించితే అయస్కాంత టేపు శిఖరాన్ని కొద్దికొద్దిగా వంచుతుంది. ఆ వంపుని ఇష్టపడేవాళ్లూ ఉన్నారు. డిజిటల్‌కి ఆ దయ లేదు. 16 బిట్ల రికార్డింగులో ఒక శాంపిల్‌కి గరిష్ఠ విలువ 32,767. దాటబోయినవన్నీ అక్కడే ఆగిపోతాయి. తరంగాన్ని తెర మీద పెద్దది చేస్తే తలలు కత్తెరతో కోసినట్టు చదునుగా ఉంటాయి. ఇదే క్లిప్పింగ్, చెవికి చిటపటగా, బొంగురుగా తగులుతుంది.

ఇంట్లో రికార్డు చేసేవాళ్లు చాలామంది క్లిప్పింగ్‌ని సూచించే ఎర్ర దీపం వెలగగానే కంప్యూటర్‌లో ఫేడర్ దించుతారు. తెగిన తల తెగినట్టే ఉంటుంది, శబ్దం తగ్గుతుందంతే. దించాల్సింది మైకు తగిలించిన ఇంటర్‌ఫేస్ మీది గెయిన్. 24 బిట్ల రికార్డింగుకు సిద్ధాంతరీత్యా 144 డెసిబెళ్ల విస్తృతి ఉంది. కాబట్టి సగటు మైనస్ 18 డెసిబెళ్ల దగ్గర, శిఖరాలు మైనస్ 6 లోపల ఉంచినా టేపు కాలంలోలా హిస్ (బుసబుసమనే రొద) భయం అక్కర్లేదు. ఇంకో మాట: ‘ఏదీ, వాయించండి’ అంటే ఎవరైనా సగం బలంతోనే వాయిస్తారు. తని ఆవర్తనం ముక్తాయింపు వాయించమని అడిగి అప్పుడు గెయిన్ పెట్టండి.

మిక్సింగ్‌లో సంగతి వేరు. విడివిడిగా బుద్ధిగా ఉన్న ట్రాకులే కలిసేసరికి మాస్టర్ ఎర్రబడుతుంది. అన్నిటినీ సమానంగా దించడమే శుభ్రమైన దారి. శిఖరాలను అణిచే లిమిటర్‌తో అదిమిపెట్టడం కాదు. మెటాలికా బృందం 2008 ఆల్బమ్ ‘డెత్ మ్యాగ్నెటిక్’ని గట్టిదనం కోసం ఎంత నొక్కేశారంటే, మళ్లీ మిక్స్ చేయమని అభిమానులే సంతకాలు సేకరించారు.

తెగిన తలలను అతికే డీక్లిప్ సాఫ్ట్‌వేర్ ఉంది. అటూ ఇటూ మిగిలిన తరంగాన్ని చూసి మధ్య భాగాన్ని ఊహించి గీస్తుంది. నాలుగైదు శాంపిళ్లు పోతే ఆ ఊహ బాగానే కుదురుతుంది. పల్లవి పొడుగునా తెగితే మాత్రం దాన్ని నమ్ముకోకండి, గాయనిని బతిమాలైనా మళ్లీ పాడించుకోండి.