కవచం ఎవరిది?

1923లో చార్లెస్ మాట్లీ పేరు పెట్టిన 'లామెటాసారస్ ఇండికస్' ఒకే జంతువు కాదు. జబల్‌పూర్‌లోని బడా సిమ్లా కొండలో ఆయన వెలికితీసిన వాటిలో త్రికాస్థి, తుంటి ఎముకలు, ఒక కాలి ఎముక ఉన్నాయి. వాటితోపాటు చర్మంలో పెరిగే గట్టి పలకలూ ఉన్నాయి. అన్నీ ఒక్క జీవివే అనుకొని, దాన్ని కవచం మోసే రాక్షసబల్లిగా ప్రకటించారు. తీరా చూస్తే తుంటి మాంసాహారిది. పలకలు వేరే జంతువువి, బహుశా పొడుగు మెడ టైటనోసార్లవి. లామెటాసారస్ అసలు కవచధారేనా అని డి.కె. చక్రవర్తి 1935లోనే నిలదీశారు.

తొందరపాటు పేర్లకు ఇది మచ్చుతునక అంటారు. నాకు తప్పు వేరేచోట కనిపిస్తుంది. సరిగ్గా ఇదే పొరపాటు 1905లో న్యూయార్క్‌లో హెన్రీ ఫెయిర్‌ఫీల్డ్ ఆస్‌బోర్న్ చేశారు. బార్నమ్ బ్రౌన్ వ్యోమింగ్‌లో తవ్వితెచ్చిన మాంసాహారి ఎముకల పక్కన పలకలు కనిపించేసరికి దానికి 'డైనమోసారస్' అని పేరు పెట్టారు. అదే వ్యాసంలో, కాస్త ముందు పేజీలో, మోంటానా ఎముకలకు 'టైరనోసారస్ రెక్స్' అన్నారు. ఏడాది తిరక్కుండానే రెండూ ఒకటేనని ఆయనే ఒప్పుకున్నారు. పలకలు ఆంకిలోసారస్‌వని తర్వాత తేలింది. దీన్నెవరూ కుంభకోణం అనరు. ఎముకలు బీరువాలో ఉన్నాయి, మళ్లీ తీసి చూడగలిగారు, అంతే.

మాట్లీ ఎముకలకు ఆ యోగం లేకపోయింది. కోల్‌కతాలోని భూవిజ్ఞాన సర్వే భద్రపరచిన వాటిలో చాలా భాగం ఆచూకీ లేకుండా పోయింది. గుజరాత్‌లోని రహియోలీ ఎముకలకు 2003లో 'రాజాసారస్' అని పేరు పెట్టినప్పుడు, లామెటాసారస్‌ను పక్కన పెట్టి పోల్చడానికి అసలు తుంటి చేతిలో లేదు. మాట్లీ బొమ్మలు మిగిలాయిగా అనొచ్చు. కానీ బొమ్మను తిప్పి వెనకవైపు చూడలేం, స్కాన్ చేసి లోపలేముందో తెలుసుకోలేం. మరి మిశ్రమానికి పేరు పెట్టడమే రికార్డును పాడుచెయ్యలేదా? చేసింది, కొంత. అయితే ఆ పేరే లేకపోతే చక్రవర్తి దేన్ని ప్రశ్నించేవారు? పేరు ఒక వాదన. దానికి సాక్ష్యం ఎముక. సాక్ష్యం పోయాక వాదన గెలవదు, ఓడదు కూడా.

పోయినవి దొరకవనీ కాదు. జబల్‌పూర్‌లో 1828లో స్లీమన్ ఏరిన ఎముకలు, 1877లో లైడెకర్ వాటికి పెట్టిన 'టైటనోసారస్' పేరు, ఆపైన వాటి అదృశ్యం పాత కథే. ఆ వెన్నుపూసల్లో ఒకటి 2012లో కోల్‌కతా సర్వే నిల్వల్లోనే బయటపడింది. తవ్వకాలకు డబ్బడిగేవాళ్లు ముందు గోదాముల జాబితా అడగాలన్న నా పంతం అందుకే.

మన దగ్గర
హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన కోటాసారస్ కూడా పలు జంతువుల కూర్పే. గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర కనీసం 12 జంతువుల ఎముకలు దొరికాయి. పి. యాదగిరి 1988లో పేరు పెట్టారు. పుర్రె దొరకలేదు, దక్కినవి రెండు పళ్లే.