వాణిజ్య ప్రదర్శనలు - సెల్‌ఫోను సాయము

సంత మనకు క్రొత్తది కాదు. రైతు తన ధాన్యమును, నేతగాడు తన బట్టను నలుగురు కూడిన చోటికి కొనిపోయి చూపుట తరతరములుగా వచ్చుచున్న ఆచారము. ఆ సంతయే పెరిగి పెరిగి నేటి వాణిజ్య ప్రదర్శన అయినది. 1851లో లండను నగరమున స్ఫటిక భవనములో జరిగిన మహా ప్రదర్శనను సుమారు 60 లక్షల మంది దర్శించిరి. హైదరాబాదులో 1938లో చిన్న ఎత్తున ప్రారంభమైన ఎగ్జిబిషను నేడు నాంపల్లిలో ఎంతటి సందడితో జరుగునో మన మెరిగినదే.

అయితే సంతకును ప్రదర్శనకును ఒక భేదమున్నది. పల్లెసంత ముగిసిన పిదప మిగులునది గడ్డిపరకలు, ఆకులు. పశువులు మేయగా మిగిలినది మట్టిలో కలిసిపోవును. వాణిజ్య ప్రదర్శన ముగిసిన సాయంకాలము మిగులునవి కరపత్రములు, ప్లాస్టిక్కు సంచులు, మెడలో వ్రేలాడదీసిన గుర్తింపు చీటీలు, బ్యానర్లు, ప్లైవుడ్డు గోడలు. మూడు నాలుగు దినముల పనికై తయారైన ఈ వస్తువులు ఎన్నో ఏండ్లు నేలకు బరువగుచున్నవి.

ఒక చిన్న లెక్క చూతము. కార్యాలయములలో వాడు ఏ4 కాగిత మొకటి సుమారు 5 గ్రాములు తూగును. 200 పుటల వస్తుపట్టికకు 100 కాగితములు, అనగా అర కిలో కావలెను. దానిని 10,000 మందికి పంచినచో 5 టన్నుల కాగితము. అందులో ఎన్ని ప్రతులు ఇల్లు చేరునో, చేరిన వానిలో ఎన్ని చదువబడునో ఆ సంచులు మోసిన వారికే తెలియును.

ఇచ్చటనే సెల్‌ఫోను మనకు అక్కరకు వచ్చుచున్నది. దుకాణములలో సొమ్ము చెల్లించుటకు మనము చూపు నలుపు తెలుపు గడుల చదరమును, అనగా క్యూఆర్ కోడును, 1994లో జపాను దేశమున డెన్సో సంస్థకు చెందిన మసహిరో హారా బృందము రూపొందించినది. మోటారు వాహనముల విడిభాగములను గుర్తించుట దాని మొదటి పని. మూలలనున్న మూడు పెద్ద గడులు అది ఏ వైపు తిరిగియున్నదో ఫోనుకు తెలుపును. కట్టుదిట్టముగా తయారు చేసినచో, సుమారు 30 శాతము వరకు చెరిగినను అది చదువబడును. స్టాలు ముందు ఇట్టి చదర మొకటి అతికించినచో, కోరిన వారు ఫోను చూపి వస్తుపట్టికను పొందుదురు. కోరని వారికి అంటగట్ట నక్కరలేదు. ధర మారినచో మరల అచ్చు వేయించు పనియు లేదు.

ఈ మార్గమున చాల దూరము నడిచినది స్పెయిను దేశపు బార్సిలోనా నగరములో 2006 నుండి జరుగుచున్న మొబైల్ వరల్డ్ కాంగ్రెస్. 2024లో దీనికి లక్షకు పైగా జనము వచ్చిరి. అచ్చట ప్రవేశపత్రమును ఫోనులోనే పొందు ఏర్పాటు కలదు. విమానాశ్రయము నుండి ప్రదర్శనశాల మీదుగా పోవు మెట్రో మార్గము 2016లో ప్రారంభమైనది. దారి చూపు పటము చేతిలోని ఫోనులో ఉన్నచో పరదేశి సైతము టాక్సీ వెదకక రైలెక్కగలడు. భోజనమునకు వచ్చువారి సంఖ్య ఫోను ద్వారా ముందుగా తెలిసినచో, వంటవారు తగినంతయే వండుదురు. అన్నము పారవేయుట తప్పును.

ఈ సాయమును ఉన్నదాని కంటె పెద్దదిగా చెప్పుట తగదు. హైదరాబాదు నుండి బార్సిలోనాకు 7,500 కిలోమీటర్లకు పైగా దూరము. ఒక వ్యక్తి విమానమున పోయి వచ్చినచో అతని వంతుకు సుమారు ఒక టన్ను బొగ్గుపులుసు వాయువు గాలిలో కలియును. అర కిలో కాగితము మిగిల్చి, ఇంతటి ప్రయాణమును మరచినచో, గింజలు ఏరుకొని గాదెను వదలినట్లగును. కావున ఫోను చేయగల మేలులలో పెద్దది అక్కరలేని ప్రయాణమును ఆపుటయే. తొలి సంభాషణను వీడియో ద్వారా జరిపి, బేరము కుదురు సూచన కనిపించిన పిదప బయలుదేరవచ్చును. 2020లో కోవిడు కారణమున బార్సిలోనా ప్రదర్శన రద్దయినప్పుడు ఎందరో ఈ పద్ధతినే ఆశ్రయించిరి. అయినను పోచంపల్లి చీర నేతను వ్రేళ్లతో తడిమి చూడవలసినదే; అద్దముపై దాని మెత్తదనము తెలియదు. ప్రదర్శనలు పూర్తిగా అంతరింపవు, అంతరింపనక్కరయు లేదు.

మరియొక జాగ్రత్త కలదు. ఒక ఫోను తన జీవితకాలమున కలిగించు కాలుష్యములో అధిక భాగము దానిని తయారు చేయునప్పుడే కలుగును. అందుచే ప్రదర్శన కొరకు క్రొత్త యంత్రములను కొని పంచుట వృథా. వచ్చువారి చేతిలో ఉన్న ఫోనునే వాడుకొనవలెను. అట్టి ఫోను లేని వృద్ధునికి, చిన్న వర్తకునికి కొన్ని అచ్చు ప్రతులు సిద్ధముగా ఉంచుట మర్యాద.

నియమములు కూడ తోడగుచున్నవి. సభలు, ప్రదర్శనల నిర్వహణలో పర్యావరణ హితమునకై ఐఎస్ఓ 20121 అను అంతర్జాతీయ ప్రమాణము 2012లో వెలువడినది. మన దేశమున 2022 జూలై 1 నుండి 100 మైక్రాన్ల కంటె పలుచనైన ప్లాస్టిక్కు బ్యానర్లు నిషిద్ధములు. అదే సంవత్సరమునకు ముందు, 2021లో గ్లాస్గో వాతావరణ మహాసభ సందర్భమున, ప్రదర్శన నిర్వాహకులు పలువురు తమ ఉద్గారములను 2030 నాటికి సగము చేయుదుమని, 2050 నాటికి నికరముగా సున్నకు తెత్తుమని ప్రతిజ్ఞ గైకొనిరి.

ప్రతిజ్ఞలు పెద్దవారివి, ఆచరణ మనందరిది. ఈసారి ప్రదర్శనకు పోవునప్పుడు ఇంటి నుండి ఒక గుడ్డసంచి, ఛార్జి నిండిన ఫోను వెంట తీసికొని పోదము. చదువని కాగితమును చేయి చాచి అందుకొనకుందము. సంత ముగిసిన పిదప నేల మునుపటివలె శుభ్రముగా ఉండుట మన పెద్దలు ఎరిగిన మర్యాదయే. దానిని తిరిగి నిలుపుకొనుటకు చేతిలోని ఈ చిన్న యంత్రము కొంత తోడ్పడగలదు.