నెమ్మదిగా నడపాల్సిన స్పోర్ట్స్ కారు

టాపు లేని బండి అంటే గోదావరి జిల్లాల్లో ముందు గుర్తొచ్చేది పెళ్ళి ఊరేగింపు జీపు, ఆ తర్వాత ఎన్నికల ప్రచార వాహనం. రెంటిలోనూ టాపు తీసేది లోపల ఉన్నవాళ్ళు బయటివాళ్ళకి కనబడాలనే. అందుకే ఎవరైనా కోటి రూపాయలు పోసి ఓపెన్ టాప్ స్పోర్ట్స్ కారు కొన్నారంటే ‘ఊళ్ళో చూపించుకోవడానికి కొన్నాడులే’ అనేస్తాం. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయితే దాని తయారీలో ఇంజనీర్లు ఎక్కడెక్కడ బుర్ర పెట్టారో చూస్తే, దారిన పోయేవాళ్ళ కళ్ళకన్నా స్టీరింగు పట్టుకున్నవాడి చెవి, ముక్కు, నడుము మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టారని తెలుస్తుంది. ఇంకో తమాషా ఉంది. ఆ కారుని అమ్మేది వేగం పేరు చెప్పి. దాని సుఖం దొరికేది మాత్రం గంటకి 40 నుంచి 70 కిలోమీటర్ల మధ్యలో. ఈ సంగతి ఒప్పుకుంటే మండపేట చుట్టూ ఉన్న కాలవ గట్టు రోడ్లు జాతీయ రహదారికన్నా ఈ కారుకి బాగా నప్పుతాయని కూడా ఒప్పుకోవాలి. వినగానే నవ్వొచ్చే మాట కాబట్టి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

మన దేశంలో ఈ మధ్య అమ్మినవాటిలో రెండిటిని తీసుకుందాం. ఒకటి బీఎండబ్ల్యూ జెడ్4 ఎం40ఐ. ఇద్దరే కూర్చునే కారు, 3 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను, 340 హార్స్‌పవర్. 2023లో మార్పులు చేసి విడుదల చేసినప్పుడు షోరూం ధర 89.30 లక్షలు. రెండోది మెర్సిడెస్ ఏఎంజీ ఎస్ఎల్ 55. అదే ఏడాది జూన్‌లో 2.35 కోట్లకి వచ్చింది, 4 లీటర్ల వీ8 ఇంజను, గరిష్ఠ వేగం గంటకి 295 కిలోమీటర్లు. ఆగి ఉన్న చోటు నుంచి 100 వేగం అందుకోవడానికి మొదటిదానికి 4.5 సెకన్లు చాలు, రెండోదానికి 3.9. అంటే జెడ్4 యాక్సిలరేటరు పూర్తిగా తొక్కితే అటూ ఇటూగా 70 మీటర్లు కదిలేసరికి 100 వచ్చేస్తుంది. మన దేశంలో నాలుగు వరసల రహదారి మీద కారుకి చట్టం ఇచ్చిన హద్దూ అంతే. ఎక్స్‌ప్రెస్‌వే మీద అయినా 120 దాకానే. మండపేట నుంచి ఆలమూరు మీదుగా జొన్నాడ వెళ్ళి, హైవే ఎక్కి, గౌతమి వంతెన దాటి రావులపాలెం చేరేలోపు ఈ ఇంజన్ల సత్తాలో సగమైనా చూడాలంటే జరిమానాకో ఆసుపత్రికో సిద్ధపడాలి. చట్టానికి లోబడి హైవే మీద వెళ్ళేవాడికి దక్కేది ఆ మొదటి 70 మీటర్ల సంబరమే. ఆ తర్వాత మంచి సెడాన్‌కీ దీనికీ పెద్ద తేడా ఉండదు. టాపు తీస్తే సెడానే సుఖమనిపిస్తుంది.

ఎందుకంటే, కారు ముందుకి పోతుంటే ఎదురుగాలి ముందు అద్దం పైఅంచు దాకా పాకి అక్కడ విడిపోతుంది. అద్దం వెనక పీడనం తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి డిక్కీ మీదుగా పోయే గాలి సుడి తిరిగి, సీట్ల సందులోంచి ముందుకి దూసుకొస్తుంది. అందుకే టాపు తీసిన కారులో జుట్టు వెనక్కి ఎగరదు, మొహం మీద పడుతుంది. పాటల చిత్రీకరణలో అందంగా వెనక్కి ఎగిరే చున్నీలని నమ్మి ఎవరూ కారు కొనకూడదు. ఈ సుడిని ఆపడానికే సీట్ల వెనక చిన్న వల తెర బిగిస్తారు. అది కొంతవరకే పనిచేస్తుంది. గాలి తోపుడు వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి 50లో ఉన్నది 100కి వచ్చేసరికి నాలుగింతలవుతుంది, హోరు అంతకన్నా జోరుగా పెరుగుతుంది. అమెరికాలో చెవి వైద్యులు 2011లో ప్రచురించిన పరిశీలన ప్రకారం టాపు తీసి 90 దరిదాపుల్లో నడిపితే డ్రైవరు చెవి దగ్గర చప్పుడు 85 డెసిబెల్స్ చుట్టుపక్కలకి చేరుతుంది. గంటల తరబడి వింటే చెవికి చేటు చేసే స్థాయి అది. కంపెనీలకీ ఇది తెలుసు. జెడ్4 టాపు 10 సెకన్లలో తెరుచుకుంటుంది, కానీ వేగం 50 లోపు ఉంటేనే. ఎస్ఎల్‌కి ఆ హద్దు 60. ఇంకో సాక్ష్యం కావాలంటే, పాత జెడ్4కీ పాత ఎస్ఎల్‌కీ మడతపడే రేకు టాపు ఉండేది. మూసినప్పుడు గాలి చొరబడకుండా, హైవే మీద మామూలు కారులా ఉండాలని దాన్ని పెట్టారు. ఇప్పుడు రెండు కంపెనీలూ దాన్ని వదిలేసి మళ్ళీ గుడ్డ టాపుకే వచ్చాయి. ఎస్ఎల్‌లో ఈ ఒక్క మార్పుతో 21 కిలోలు తగ్గాయి. మూసి నడిపే సుఖంకన్నా తెరిచి నడిపే తేలికే ముఖ్యమని వాళ్ళే తేల్చినట్టయింది.

టాపు తీయడం జీపుకి పెద్ద విషయం కాదు. దాని బరువంతా కింద ఉన్న ఇనుప ఛాసిస్ మోస్తుంది, పైన గుడ్డ ఉన్నా లేకపోయినా ఒకటే. 2020 అక్టోబరు 2న వచ్చిన మహీంద్రా థార్‌లో గుడ్డ టాపు రకం పెట్టగలిగారంటే కారణం ఈ ఛాసిసే. మామూలు కారుకి విడిగా ఛాసిస్ ఉండదు. నేల, తలుపు స్తంభాలు, పైకప్పు కలిసే దాని అస్థిపంజరం. పైకప్పు కోసేస్తే, మూత చింపిన అట్టపెట్టెని రెండు చివర్లా పట్టుకుని మెలేస్తే ఎలా మెలి తిరుగుతుందో కారూ అలా తిరుగుతుంది. ఎడమ చక్రం గుంతలో పడ్డప్పుడు డ్యాష్‌బోర్డు సన్నగా వణుకుతుంది, వెనక చూసే అద్దంలో లారీ రెండుగా కనబడుతుంది, తలుపు సందు కిర్రుమంటుంది. పాత తరం ఓపెన్ కార్లన్నిటికీ ఈ జబ్బు ఉండేది. దీన్ని కుదర్చడానికి తలుపుల కింది దూలాలు మందంగా కడతారు, ముందు అద్దం చట్రంలో గట్టి ఉక్కు గొట్టాలు దూరుస్తారు, ఇంజను చుట్టూ అడ్డకట్లు బిగిస్తారు. కారు ధరలో మంచి వాటా పోయేది ఇక్కడే. ఈ పనితనం నున్నటి హైవే మీద బయటపడదు. కారు బిగువుగా ఉందో లేదో తేలేది అతుకులు వేసిన తారు మీద, 40లో పోతున్నప్పుడు. మన దగ్గర అలాంటి తారుకి లోటు లేదు కదా.

ఇప్పుడు గట్టు రోడ్డు సంగతి. మండపేట నుంచి ద్వారపూడి వైపు గానీ, రామచంద్రపురం మీదుగా ద్రాక్షారామం వైపు గానీ వెళ్తే కొండలు, ఘాట్లు ఏమీ ఉండవు. డెల్టా అంతా పళ్ళెంలా బల్లపరుపు. అయినా కాలవ ఎటు తిరిగితే గట్టూ అటే తిరుగుతుంది కాబట్టి పొడుగాటి మెత్తని మలుపులు ఉంటాయి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక 19వ శతాబ్దంలో నీరు పారే వాలుని చూసి గీసిన గీతలవి. జెడ్4లో డ్రైవరు దాదాపు వెనక చక్రాల ముందే కూర్చుంటాడు. ముందూ వెనకా బరువు సరిసమానం. అందుకే ఇలాంటి మలుపులో 50కే కారు నడుము దగ్గర నుంచి తిరిగినట్టు తెలుస్తుంది, స్టీరింగు ఎంత తిప్పాలో చేతికి ముందే అందుతుంది. ఇంజను లాగుడు శక్తి 500 న్యూటన్ మీటర్లు 1600 ఆర్పీఎం దగ్గరే పూర్తిగా దొరుకుతుంది కాబట్టి ట్రాక్టరుని దాటడానికి ఇంజను గొంతు చించుకోనక్కర్లేదు. ఇక టాపు లేకపోవడం వల్ల దక్కేది: కాలవ మీద నుంచి వచ్చే చల్లటి గాలి రోడ్డు గట్టు దిగగానే ఆగిపోవడం, ఉప్పుడు బియ్యం మిల్లు దగ్గర ఉడికిన వడ్ల వాసన మొహానికి కొట్టడం, కొబ్బరి తోట నీడలోకి వెళ్ళి బయటికి వచ్చేసరికి చెంప మీద ఎండ మారడం. ఇవన్నీ 100లో గాలి హోరులో కొట్టుకుపోతాయి. మోటారు సైకిలు మీద పోయేవాడికి ఇవి రోజూ ఉచితంగా దొరుకుతున్నాయిగా అంటే కాదనలేం.

రోడ్డు ఇరుకు కదా అనేది మొదటి అభ్యంతరం. నిజమే. ఒంటి వరస రోడ్డు తారు వెడల్పు 3.75 మీటర్లు. జెడ్4 వెడల్పు 1.86 మీటర్లు, ఎదురొచ్చే ఆర్టీసీ బస్సుది సుమారు రెండున్నర. ఎవరో ఒకరు మార్జిన్ దిగక తప్పదు. సార్వా కోతల రోజుల్లో అయితే ధాన్యం రోడ్డు మీదే ఆరబోసి, అంచున రాళ్ళు పేర్చి హద్దు పెడతారు. మిగిలేది సగం రోడ్డు. కానీ ఈ అవస్థలో టాపు లేని కారుకే మేలు ఎక్కువ. వెనక స్తంభాలు అడ్డుండవు కాబట్టి, తల తిప్పితే మార్జిన్ అంచు, కాలవ ఒడ్డు, వెనక వచ్చే ఆటో అన్నీ కంటికి తగులుతాయి. అసలు చిక్కు స్పీడ్ బ్రేకర్లతో. ఇలాంటి కార్లకి అడుగుకీ నేలకీ మధ్య ఖాళీ సాధారణంగా 11, 12 సెంటీమీటర్లే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలతల ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పున, 17 మీటర్ల వ్యాసార్థంతో, 10 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. జెడ్4 ముందు వెనక చక్రాల మధ్య దూరం 2.47 మీటర్లు. లెక్క వేస్తే అంత వెడల్పాటి దిమ్మ నడిమికి కారు ఎక్కినప్పుడు చక్రాల మధ్య ఉబ్బేది నాలుగున్నర సెంటీమీటర్లు మాత్రమే. హాయిగా దాటేస్తుంది. ఊరి మొదట్లో రాత్రికి రాత్రి పోసిన మూరెడు వెడల్పు, జానెడు ఎత్తు కాంక్రీటు దిమ్మ అయితే ఎత్తు మొత్తం పొట్టకి తగులుతుంది. కొన్ని ఖరీదైన కార్లలో మీట నొక్కితే ముక్కు 3 సెంటీమీటర్లు లేచే ఏర్పాటు ఉంది. ఆ దిమ్మ ఎక్కడుందో జీపీఎస్‌తో గుర్తుపెట్టుకుని మరోసారి తనే లేస్తుంది కూడా. జానెడు దిమ్మకి అదీ చాలదు. తప్పు కారుదా, దిమ్మదా అంటే నేను దిమ్మదే అంటాను. అలాంటి దిమ్మ నిండు గర్భిణిని తీసుకెళ్ళే ఆటోకీ మంచిది కాదు.

ఎండ మాటేమిటి? రోహిణి కార్తెలో మధ్యాహ్నం టాపు తీసేవాణ్ణి ఎవరూ సమర్థించలేరు. ఎండకి తక్కువ వేడెక్కేలా రంగులద్దిన తోలు సీట్లు వచ్చినా వడగాడ్పుకి మందు లేదు. ఈ కారుకి ఇక్కడ దక్కేది కార్తీకం నుంచి మాఘం దాకా, అదీ పొద్దునా సాయంత్రం. మెర్సిడెస్ 2004లో తల ఆనించే దిండులోంచి మెడకి వెచ్చటి గాలి తగిలే ఏర్పాటు తెచ్చింది. ఐరోపా చలికోసం చేసిందేగానీ ధనుర్మాసం మంచులో కాలవ గట్టు మీద అదీ పనికొస్తుంది. వాన భయం పెద్దది కాదు. 50లో పోతూ టాపు మూయడానికి పట్టే 10 సెకన్లలో కారు నడిచేది 140 మీటర్లే. వానకన్నా దుమ్మూ పొగా పెద్ద లోపాలు. ఇంత కిందగా కూర్చునేవాడి మొహం, పక్కన వెళ్ళే లారీ చక్రం దాదాపు ఒకే ఎత్తున ఉంటాయి. మిల్లు బాయిలర్లలో కాల్చే ఊక బూడిద గాలికి లేచినరోజు సీటు కుట్లలో చేరి తుడిచినా పోదు. దీనికి నా దగ్గర జవాబు లేదు, మిల్లు దగ్గర టాపు మూసుకోవడం తప్ప. ప్రమాదంలో కారు తిరగబడితే ఎలా అనే భయానికి మాత్రం జవాబు పాతదే. 1989 నాటి ఎస్ఎల్‌లోనే తిరగబడే సూచన తెలియగానే సెకనులో మూడో వంతుకన్నా ముందే తల వెనక ఉక్కు కమాను లేచేది. ఇప్పుడు సీటు బెల్టు పెట్టుకున్నవాడికి ఈ కార్లలో రక్షణ బాగానే ఉంది. బెల్టు లేకుండా నిలబడి చేతులూపే ఊరేగింపు జీపుతో దీన్ని పోల్చకూడదు.

చివరిగా, 60 వేగానికి కోటి రూపాయలు ఎందుకయ్యా అంటారు. న్యాయమైన ప్రశ్నే. విదేశం నుంచి తయారై వచ్చే కారు మీద దిగుమతి సుంకం, దాని మీద జీఎస్టీ పడి ధర ఇంత అవుతుంది. 1989లో మొదలై పది లక్షలకి పైగా అమ్ముడైన మాజ్దా ఎంఎక్స్-5 లాంటి చిన్న, తేలికైన రెండు సీట్ల కారు ఇక్కడ దొరికి ఉంటే ఈ రోడ్లకి అదే సరైనదని చెప్పేవాణ్ణి. మన దేశంలోనూ శాన్ స్టార్మ్ అనే చిన్న ఫైబర్ బాడీ ఓపెన్ కారు కొన్నాళ్ళు తయారైంది, 1.2 లీటర్ల ఇంజనుతో. అది నిలదొక్కుకోలేదు. కాబట్టి కొనే స్తోమత ఉండి కొందామనుకునేవాళ్ళకి ఒక్కటే సూచన. టెస్ట్ డ్రైవ్‌కి హైవే ఎక్కిస్తామంటే ఒప్పుకోవద్దు. అతుకుల రోడ్డు చూసుకుని టాపు తీసి 40లో నడపండి. డ్యాష్‌బోర్డు వణుకుతుందా, అద్దంలో వెనక బండి నిలకడగా కనబడుతుందా, పక్కవాళ్ళ మాట గొంతు పెంచకుండా వినబడుతుందా చూడండి. ఆ తర్వాత మీ వీధి చివర స్పీడ్ బ్రేకర్ ఎత్తుని టేపు పెట్టి కొలిచి, అప్పుడు అడ్వాన్సు ఇవ్వండి.