శస్త్రవైద్యుని వెనుక నిలబడినవాడు

కొందరు శిశువులు పుట్టిన కొద్ది నెలలకే నీలంగా మారతారు. పెదవులు, గోళ్ళు నేరేడు పండు రంగుకు తిరుగుతాయి. ఏడిస్తే ఊపిరి అందదు. కాస్త పెద్దవారైతే నాలుగడుగులు వేసి గొంతుక్కూర్చుంటారు. గుండెలో రంధ్రం ఉండి, ఊపిరితిత్తులకు రక్తం వెళ్ళే దారి ఇరుకుగా ఉండటమే దీనికి ముఖ్య కారణం. 1944కు ముందు ఇట్టి బిడ్డలకు వైద్యులు చేయగలిగింది దాదాపు ఏమీ లేదు.

అమెరికాలోని బాల్టిమోరు పట్టణంలో, జాన్స్ హాప్కిన్స్ వైద్య కళాశాల ఆసుపత్రిలో వీరికి ఒక దారి తెరుచుకొంది. అక్కడ పిల్లల గుండె జబ్బుల క్లినిక్ నడిపిన డాక్టర్ హెలెన్ టాసిగ్‌కు వినికిడి తగ్గిపోయింది. ఆమె వ్రేళ్ళతో తాకి బిడ్డల గుండె తీరు తెలుసుకొనేవారు. గర్భంలో తెరచి ఉండే ఒక చిన్న రక్తనాళం పుట్టాక మూసుకొనిపోగానే ఈ బిడ్డలు మరింత నీలమవుతున్నారని గమనించారు. అటువంటి నాళాన్ని మరల అమర్చగలమా అన్న ప్రశ్నను శస్త్రవైద్యుడైన డాక్టర్ ఆల్ఫ్రెడ్ బ్లేలాక్ ముందుంచారు.

ఆ ప్రశ్నకు ప్రయోగశాలలో జవాబు వెదకినవారు వివియెన్ థామస్ అనే నల్లజాతి సహాయకుడు. 1930లో బ్లేలాక్ వద్ద పనికి చేరారు; ఆ తరువాత డాక్టరు కావాలని దాచుకొన్న సొమ్ము బ్యాంకు మూతపడి పోయింది. చేసింది పరిశోధన, ఆ తొలి రోజుల్లో జీతపు పట్టీలో ఉన్నది మాత్రం ఊడ్చేవాని హోదా. బాల్టిమోరులో ఆయన సుమారు 200 కుక్కలపై ప్రయోగాలు చేసి ఆ కుట్టు విధానాన్ని సిద్ధపరచారు.

1944 నవంబరు 29న 15 నెలల పాపకు మొదటి ఆపరేషన్ జరిగింది. బ్లేలాక్ భుజం వెనుక స్టూలుపై నిలబడి థామస్ మెల్లగా సూచనలిచ్చారు. ఆ పాప కొన్ని నెలలే బ్రదికింది. అయితే మరుసటి సంవత్సరం ఆరేళ్ళ బాలుని పెదవులు ఆపరేషన్ బల్లమీదనే ఎరుపెక్కాయి. ఆపై ఎందరో తల్లిదండ్రులు బిడ్డలనెత్తుకొని అక్కడికి వచ్చారు.

1945లో వెలువడిన వైద్య వ్యాసంలో బ్లేలాక్, టాసిగ్‌ల పేర్లే ఉన్నాయి. థామస్ పేరు లేదు. 1971లో ఆసుపత్రిలో ఆయన చిత్రపటాన్ని ఉంచారు; 1976లో ఆ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

శరీరంలో బలహీనంగా కనబడే అవయవాలే మరి అవసరమైనవని పౌలు కొరింథు సంఘానికి బోధించాడు. మన సంఘాల్లోనూ చాపలు పరచేవారు, రోగి ప్రక్కన రాత్రంతా కూర్చొనేవారు ఉన్నారు. వారి పేరు పలకడానికి మనము పాతికేళ్ళు ఆగనవసరం లేదు.

మరొక మాట. ఆ శ్రమ ఫలం నేడు మన వాకిట ఉంది. ఇప్పుడు ఇట్టి బిడ్డల్లో అనేకులకు గుండెను పూర్తిగా సరిచేసే ఆపరేషన్ మన పెద్ద నగరాల్లోనే జరుగుతోంది. బీద కుటుంబాలకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ ఆరోగ్య పథకాలున్నాయి. బిడ్డ పెదవులు నీలంగా కనబడితే దిష్టి అనుకోవద్దు. ఆడపిల్ల కదా అని ఊరుకోవద్దు. మోకరించి ప్రార్థిద్దాం, లేచి వెంటనే డాక్టరు వద్దకు నడుద్దాం. ప్రార్థించే మోకాళ్ళను, కుట్టు వేసే చేతులను ఇచ్చినవాడు ఒక్కడే దేవుడు.