తలుపు కాడ బ్యాటరీ పెట్టి పండుకోకుండ్రి

గచ్చిబౌలి అంజయ్యనగర్‌ల మా రూమ్ మూడో అంతస్తుల ఉండేది. ఒక్కటే అర్ర, ఒక్కటే తలుపు, అందుల అయిదుగురం. నలుగురం ఫుడ్ డెలివరీ చేసేటోళ్లం, ఒకడు ఐటీ కంపెనీల హౌస్ కీపింగ్. మా నలుగురివీ కిరాయికి తీసుకున్న ఎలక్ట్రిక్ బండ్లే. రాత్రి పన్నెండు దాటినంక వచ్చి, బండ్లకెళ్లి బ్యాటరీలు తీసి, మోసుకుంట మెట్లెక్కేటోళ్లం. తలుపు పక్కన ఉన్న ఒక్క ప్లగ్గుకు ఎక్స్‌టెన్షన్ బాక్స్ పెట్టి నాలుగూ ఒక్కసారే చార్జింగ్ పెట్టేటోళ్లం. తెల్లారేదాక అవి అక్కడ, మేం లోపల.

ఒకనాడు నడి రాత్రి కాలిన వాసనొచ్చి మెలకువొచ్చింది. చూస్తే ఎక్స్‌టెన్షన్ బాక్స్ కరిగి నల్లగయింది. మెయిన్ ఆపేసినం, బ్యాటరీలకు ఏం కాలే. గాని ఆ రాత్రి నాకు మళ్ల నిద్ర పట్టలే. అవి అంటుకుంటే మేం ఎటు ఉరకాలె? ఉన్న ఒక్క తలుపుకు అడ్డం అవే ఉన్నయ్.

ఇది ఉట్టి భయం కాదు. 2022 ఏప్రిల్‌ల నిజామాబాద్‌ల ఒక ఇంట్ల చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి 80 ఏండ్ల పెద్దమనిషి పానం పోయింది. మూడు నాలుగు రోజులకే విజయవాడల బెడ్‌రూమ్‌ల పెట్టిన బ్యాటరీ తెల్లారుజామున పేలింది, ఇంటాయన చనిపోయిండు, ఇంట్ల వాళ్లకు గాయాలైనయ్. అదే ఏడు సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌ల ఒక లాడ్జి కింద ఉన్న ఎలక్ట్రిక్ బండ్ల షోరూమ్‌ల మంటలు లేచినయ్. పొగ మెట్ల మీదికెళ్లి పై అంతస్తులకు పోయింది, 8 మంది చనిపోయిన్రు. మొదటి రెండు ఘటనల్ల జనం పండుకునే కాడ బ్యాటరీ ఉన్నది. మూడో దాంట్ల జనం దిగే తొవ్వల పొగ నిండింది. బ్యాటరీ ఎందుకు పేలిందన్నది ఎంత ముఖ్యమో, అది యాడ పెట్టి ఉన్నదన్నది కూడా అంతే ముఖ్యం.

అసలు లోపల ఏమైతదో జర చెప్త. మన బండి బ్యాటరీ అంటే ఒక్కటి కాదు, పదుల కొద్ది చిన్న సెల్స్‌ను జోడించిన డబ్బా. ఒక్కో సెల్‌ల రెండు పొరల నడుమ పల్చటి ప్లాస్టిక్ తెర ఉంటది. సెల్ మస్తు వేడైతే, సుమారు 130 డిగ్రీల కాడ ఆ తెర కరుగుడు షురూ అయితది. అది పోతే రెండు పొరలు కలిసి లోపల్నే షార్ట్ అయితది, వేడి ఇంకింత పెరుగుతది, పక్క సెల్‌కు అంటుకుంటది. ఇగ అక్కడి నుంచి ఒకదాని ఎనక ఒకటి. కొన్ని రకాల సెల్స్ కాలేటప్పుడు వాటికెల్లే ఆక్సిజన్ వస్తది, అందుకే దుప్పటి కప్పితే ఆ మంట ఆరదు. ఆ పొగల కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉంటయ్. రెండు మూడు గుక్కలు పీల్చినా మనిషి ఆగమైతడు. కాబట్టి బ్యాటరీ బుస్సుమని సప్పుడు చేసినా, పొగొచ్చినా దాన్ని ఎత్తి బయట పడేద్దామని వీరత్వం చూపొద్దు. అందర్నీ లేపి బయటికి ఉరకాలె, తలుపు ఎనక నుంచి మూయాలె, 101కో 112కో ఫోన్ కొట్టాలె. ఆరినట్టు కనపడ్డంక కూడా అది మళ్ల అంటుకుంటది.

ఇప్పుడు చార్జర్ సంగతి. చానామంది తప్పు చేసేది ఈడనే. "48 వోల్టుల బ్యాటరీ, 48 వోల్టుల చార్జర్, పిన్ను పట్టింది, ఇగ ఏంది" అంటరు. 48 వోల్టులన్నది ఉట్టి పేరు. 13 సెల్స్ వరుసల ఉండే లిథియం బ్యాటరీ నిండితే 54.6 వోల్టులు అయితది, ఎందుకంటే ఒక్కో సెల్‌కు 4.2. అదే ఎల్ఎఫ్‌పీ రకం 16 సెల్స్‌దైతే 58.4. పాత లెడ్ యాసిడ్ బండి చార్జర్ కూడా 58, 59 దాకా పోతది. 54.6 కాడ ఆగాల్సిన బ్యాటరీకి 58 ఇచ్చే చార్జర్ పెడితే, ఆపేది లోపలున్న బీఎంఎస్ అనే సర్క్యూట్ ఒక్కటే. అది కావలికుక్క లెక్క. అది మంచిగున్నంత సేపు పర్వాలేదు. నీళ్లు తగిలో, లోకల్ రిపేర్ల ఎవడో వైరు తప్పించో అది పని చేయకపోతే ఆపేటోడు లేడు. అందుకే చార్జర్ ఎనక రాసి ఉన్న ఔట్‌పుట్ వోల్టులు చదువుండ్రి, బ్యాటరీ మీద రాసిందాంతోటి కలుస్తుందో లేదో చూడుండ్రి. దోస్తు చార్జర్ అరువు తెచ్చుకునే అలవాటు మానుండ్రి.

మా ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఎందుకు కరిగిందో తర్వాత లెక్కేసిన. మా చార్జర్లు 10 ఆంపియర్లవి. 54.6ను పదితోటి గుణిస్తే సుమారు 550 వాట్లు. నాలుగైతే 2200. కరెంట్ 230 వోల్టులు కాబట్టి గోడ ప్లగ్గుల నుంచి 10 ఆంపియర్లకు దగ్గర గుంజుతున్నయ్, చార్జర్ల నష్టం కలిపితే ఇంకా ఎక్కువ. మేం పెట్టిన బాక్స్ 6 ఆంపియర్లది. అది నాలుగైదు గంటలు ఓర్చుకున్నదంటేనే గొప్ప. తప్పు మాదే, బ్యాటరీది కాదు.

ఎండకాలం సంగతి వేరే చెప్పాలె. మే నెలల మధ్యాహ్నం రాయదుర్గం మెట్రో నుంచి మైండ్‌స్పేస్ దాక రెండు ట్రిప్పులు కొట్టి బ్యాటరీ మీద చెయ్యి పెట్టి చూడుండ్రి, కాలుతది. సెల్స్ చార్జింగ్‌కు మామూలుగ 45 డిగ్రీలు దాటొద్దంటరు. బయటనే 42 ఉంటే, నడిచొచ్చిన బ్యాటరీ లోపల ఎంతుంటదో చెప్పక్కర్లేదు. నీడల అరగంటో గంటో పెట్టి, చెయ్యికి సల్లగ తగిలినంక చార్జింగ్ పెట్టాలె. ఆర్డర్లు పోతయ్ అంటరు, నిజమే. నేను మధ్యాహ్నం తినే టైమ్ దీనికి జోడించుకున్న.

మంచి ముచ్చట ఏందంటే, పానం కాపాడే అలవాట్లే బ్యాటరీ పైసలు కూడా కాపాడుతయ్. లిథియం సెల్‌ను ముసలిది చేసేవి రెండు: వేడి, నిండుగ ఉంచుడు. ఈ రెండూ కలిస్తే ఇంకా అధ్వానం. రోజూ 20కి దిగకుండ, 80, 90 కాడ తీసేస్తే చాన రోజులొస్తది. అట్లని ఎప్పుడూ నిండ పెట్టకుంటే సెల్స్ సమానం కావు, అందుకని వారం పది రోజులకొకసారి పూర్తిగ నింపాలె, అది కూడా మెలకువల ఉన్నప్పుడు. ఎల్ఎఫ్‌పీ రకమైతే నిండుడు దానికి అంత బాధ కాదు, పర్సెంట్ సరిగ్గ చూపెట్టాలన్నా అప్పుడప్పుడు నిండాలె.

బతుకమ్మకో సంక్రాంతికో ఊరికి పోతరు కదా. పొయ్యేటప్పుడు బ్యాటరీ సున్నా కాడ వదిలేసి పోవద్దు. బండి నిలబడ్డా లోపల కొంచెం కొంచెం కరెంట్ పోతనే ఉంటది. పదిహేను రోజులకు సెల్ అడుగంటిపోతది. గట్ల పడుకున్న సెల్‌ను మళ్ల లేపి నింపితే లోపల షార్ట్ అయ్యే ప్రమాదం ఉంటది. సగం నింపి, బండి నుంచి తీసి, సల్లటి జాగల పెట్టి పోవాలె. ఊర్ల బండి ఉన్నోళ్లకు ఇంకో మాట: గడ్డివాము పక్కన, కొట్టంల చార్జింగ్ పెట్టొద్దు. ఎంత మంది పెడుతున్నరో నేను కండ్లార చూసిన.

వానల సంగతి తక్కువ చెప్త. బయోడైవర్సిటీ జంక్షన్ కాడ మోకాళ్ల నీళ్లల్ల బండి నడిపి వచ్చిన రాత్రి చార్జింగ్ పెట్టకుండ్రి. పిన్నులు ఆరినయ్యా లేదా చూడుండ్రి. డబ్బా ఉబ్బినా, నెయిల్ పాలిష్ లెక్క తియ్యటి వాసనొచ్చినా, 40 పర్సెంట్ నుంచి ఒక్కసారే 10కి పడిపోయినా దాన్ని వాడొద్దు. వాపస్ ఇయ్యాలె.

2022ల మంటలు లేచినంక కేంద్రం బ్యాటరీల రూల్స్ గట్టిగ చేసింది. ఏఐఎస్ 156 అనే ఆ రూల్స్ 2022 డిసెంబర్ 1 నుంచి ఒక విడత, 2023 మార్చి 31 నుంచి ఇంకో విడత అమలైనయ్. గాని డెలివరీ పోరగాళ్లు ఎక్కువగ తిప్పేది గంటకు 25 కిలోమీటర్లు దాటని చిన్న బండ్లు. వాటికి రిజిస్ట్రేషన్ లేదు, లైసెన్స్ అక్కర్లేదు. అవి ఆర్టీవో ఆఫీస్ మొఖమే చూడయ్. అందుల ఏ బ్యాటరీ పెట్టిన్రో అడగాల్సింది మనమే. ఇటు మన సర్కార్ 2024 నవంబర్‌ల ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేసింది, 2026 డిసెంబర్ ఆఖరు దాక. మంచిదే. అయితే ఐటీ టవర్ల సెల్లార్లల్ల కార్లకు చార్జింగ్ పాయింట్లు ఉన్నయ్, ఆ టవర్‌కు బిర్యానీ తెచ్చేటోని బండికి గేటు లోపల జాగ లేదు. అద్దె రూమ్‌ల ఉండేటోడు బ్యాటరీని పక్కల పెట్టుకుంటున్నడంటే సోకుకు కాదు, వేరే దిక్కు లేక. బండ్లు కిరాయికిచ్చే కంపెనీలు, రూమ్‌లు కిరాయికిచ్చే ఓనర్లు దీనికి జవాబు చెప్పాలె.

బాక్స్ కరిగినంక మేం నలుగురం పోయి మా ఓనర్‌ను అడిగినం. "పార్కింగ్‌ల ప్లగ్గిస్తే కరెంట్ బిల్లు ఎవడు కడతడు" అన్నడు. కాయితం మీద లెక్కేసి చూపెట్టినం. 48 వోల్టులు, 30 ఆంపియర్ అవర్ బ్యాటరీ అంటే 1.44 యూనిట్లు, చార్జర్ల పోయేది కలిపితే 1.7 అనుకుందాం. యూనిట్‌కు పది రూపాయలేసినా ఒక్క బ్యాటరీకి 17 రూపాయలు. సబ్ మీటర్ ఖర్చు మేమే పెట్టుకుంటమన్నం. రెండు రోజులకు ఒప్పుకున్నడు, మెట్ల కింద పాయింట్ ఇస్త అన్నడు. మెట్ల కింద వద్దే వద్దు, సికింద్రాబాద్‌ల పొగ మెట్లకెళ్లే ఎక్కిందని చెప్పినం. ఆఖరికి కాంపౌండ్ గోడ పక్కన, రేకు కింద, 16 ఆంపియర్ల ప్లగ్గులు రెండు, ఒక ఎంసీబీ పెట్టిచ్చిండు. బ్యాటరీలు పోతయని మేమే ఇనుప జాలి డబ్బా చేపిచ్చినం, గాలి ఆడేటట్టు. రాత్రి పదకొండింటికి ఇద్దరివి, పొద్దుగాల ఆరింటికి ఇద్దరివి పెడుతున్నం. పొద్దున వంతు వచ్చినోడు కొంచెం తిట్టుకుంటనే లేస్తడు.